ఇంగ్లీషు దరఖాస్తులో పార్టిసిపుల్స్ సరిగ్గా వాడటం ఎలా: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు పెరిగిన మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగానికో స్కాలర్‌షిప్‌కో కాయితం పెట్టాల్సి వస్తే ఇంగ్లీషు. మూడు భాషల్లోనూ మాట్లాడేస్తారు, కానీ ఇంగ్లీషులో దరఖాస్తు రాయమంటే మాత్రం టెన్షన్ పడతారు. అలాంటి దరఖాస్తులు నేను తరచుగా చదువుతుంటాను, దిద్దుతుంటాను. స్పెల్లింగ్ తప్పులు ఇప్పుడు బాగా తగ్గాయి, ఫోనే సరిచేసేస్తోంది. ఫోను పట్టుకోలేని తప్పులు మిగిలాయి, వాటిలో చాలావరకు పార్టిసిపుల్ (క్రియకి ‘ఇంగ్’, ‘ఎడ్’ లాంటివి చేరి ఏర్పడే రూపం) దగ్గరే కనిపిస్తాయి. మాటలన్నీ సరైనవే, స్పెల్లింగూ సరైనదే, అయినా వాక్యం మొత్తం ఇంకేదో చెబుతుంది, చదివే అధికారి అక్కడ ఆగిపోతాడు.

ఇది తెలివికి సంబంధించిన విషయం కాదు, అలవాటుకి సంబంధించినది. ‘వర్షం పడి రోడ్డు పాడైంది’ అంటాం. పడింది వర్షం, పాడైంది రోడ్డు, ఇద్దరు కర్తలు, అయినా తెలుగులో ఎవరికీ ఇబ్బంది లేదు. ‘కరెంటు పోయి పని ఆగిపోయింది’, ‘ఎండలు ఎక్కువై బడులు మూసేశారు’ కూడా అంతే. ఒడియాలోనూ ‘ఘరకు జాఇ భాత ఖాఇలి’ అంటే మన ‘ఇంటికెళ్లి అన్నం తిన్నాను’ వాక్యమే, క్రియ చివర ‘ఇ’ తగిలించి రెండో పనికి కలిపేయడమే. ఈ రెండు భాషల్లో ఆలోచించే మనిషి ఇంగ్లీషులో కూడా క్రియకి ‘ఇంగ్’ తగిలించి అలాగే కలిపేస్తాడు. ఇంగ్లీషు మాత్రం అంత స్వేచ్ఛ ఇవ్వదు. వాక్యం మొదట్లో పార్టిసిపుల్ పెడితే, కామా దాటగానే కనిపించే సబ్జెక్టే ఆ పని చేసినట్టు లెక్క. మిగతా నియమాలు చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి, కింద మెట్లలో ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకండి. ఉదాహరణ వాక్యాల్ని కళ్లతో దాటేయకుండా పైకి చదవండి, చెవికి త్వరగా అలవాటవుతుంది.

మొదటి మెట్టు: పార్టిసిపుల్ ఏదో గుర్తుపట్టడం

మూడు రూపాలు తెలిస్తే చాలు. ‘రైటింగ్, వెయిటింగ్, లివింగ్’ లాంటివి ప్రెజెంట్ పార్టిసిపుల్. పేరులో ప్రెజెంట్ ఉంది కదా అని వర్తమానకాలమే అనుకోవద్దు, పాత సంగతి చెప్పేటప్పుడు కూడా ఇదే రూపం వాడతారు. ‘రిటెన్, బ్రోకెన్, చోజెన్, వెరిఫైడ్’ లాంటివి పాస్ట్ పార్టిసిపుల్, క్లాసులో వి-త్రీ అని చెప్పేది ఇదే. ‘హావింగ్’ పక్కన వి-త్రీ పెడితే పర్ఫెక్ట్ పార్టిసిపుల్: ‘హావింగ్ రిటెన్, హావింగ్ కంప్లీటెడ్’.

‘ఇంగ్’ ఉన్న ప్రతి మాటా పార్టిసిపుల్ కాదు. ‘వాకింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్’లో వాకింగ్ నామవాచకంలా నిలబడింది, అది జెరండ్. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’లో హియరింగ్ కూడా జెరండే. ‘టు’ తర్వాత ‘హియర్’ అని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, హియరింగ్ అనే రాయాలి.

వి-టూ (మామూలు భూతకాల రూపం), వి-త్రీ తారుమారయ్యే చోట జాగ్రత్త. ‘ఎ లెటర్ రోట్ బై ద హెడ్‌మాస్టర్’ తప్పు, ‘ఎ లెటర్ రిటెన్ బై ద హెడ్‌మాస్టర్’ సరైనది. ‘చోజ్ కాండిడేట్స్’ కాదు, ‘చోజెన్ కాండిడేట్స్’. ‘బ్రోక్ చైర్’ కాదు, ‘బ్రోకెన్ చైర్’. ఇవి బట్టీ పట్టాల్సినవే, దగ్గరదారి లేదు.

రెండో మెట్టు: ఈ పని ఎవరు చేశారు అని అడగడం

అసలు పని ఇక్కడుంది. వాక్యం రాశాక పార్టిసిపుల్ కింద గీత గీయండి. కామా తర్వాత వచ్చిన మొదటి నామవాచకానికి సున్నా చుట్టండి. ఇప్పుడు సున్నాలో ఉన్నవాళ్లు గీత మీదున్న పని చేశారా అని అడగండి. చేశారు అంటే ముందుకెళ్లండి, లేదంటే వాక్యం మార్చండి.

‘వాకింగ్ టు ద బస్ స్టాండ్, ద రెయిన్ స్టార్టెడ్.’ గీత వాకింగ్ కింద, సున్నా రెయిన్ చుట్టూ. నడిచింది వాన అయిపోయింది. రెండు రకాలుగా దిద్దొచ్చు. నడిచిన మనిషిని సబ్జెక్టుగా తెచ్చుకోవడం ఒకటి: ‘వాకింగ్ టు ద బస్ స్టాండ్, ఐ వాజ్ కాట్ ఇన్ ద రెయిన్.’ పార్టిసిపుల్‌ని వదిలేసి మామూలు వాక్యం చేయడం రెండోది: ‘వైల్ ఐ వాజ్ వాకింగ్ టు ద బస్ స్టాండ్, ద రెయిన్ స్టార్టెడ్.’ రెండో దారి ఎప్పుడూ సురక్షితం. తొందరలో ఉన్నప్పుడు, పరీక్ష హాల్లో ఉన్నప్పుడు, రెండో దారే పట్టండి.

ఇలాంటి తప్పు తేలిగ్గానే దొరుకుతుంది. దొరకనివి వేరే ఉన్నాయి. ‘ఫార్మ్‌డ్ ఇన్ 1992, ద హెడ్‌క్వార్టర్స్ ఆఫ్ గజపతి డిస్ట్రిక్ట్ ఈజ్ పర్లాకిమిడి.’ జనరల్ నాలెడ్జ్ పరంగా తప్పేమీ లేదు, జిల్లా 1992లోనే ఏర్పడింది, హెడ్‌క్వార్టర్స్ పర్లాకిమిడే. కానీ సున్నా ఎక్కడ పడుతుందో చూడండి, ‘హెడ్‌క్వార్టర్స్’ మీద. ఏర్పడింది జిల్లా, హెడ్‌క్వార్టర్స్ కాదు. ఆ ఊరైతే జిల్లా కంటే ఎంతో పాతది. ‘ఫార్మ్‌డ్ ఇన్ 1992, గజపతి డిస్ట్రిక్ట్ హాజ్ ఇట్స్ హెడ్‌క్వార్టర్స్ ఎట్ పర్లాకిమిడి’ అంటే జిల్లాయే సబ్జెక్టు అయింది, సరిపోయింది. (దరఖాస్తులో ఊరి పేరు మీ సర్టిఫికెట్లో ఎలా ఉంటే అలాగే రాయండి. మనం ఇంట్లో పర్లాకిమిడి అనుకున్నా, కాయితాల మీద పరలాఖెముండి అని ఉంటుంది.)

‘మై, హిజ్, అవర్’ లాంటి మాటలు కామా తర్వాత వస్తే ఇంకా జాగ్రత్తగా చూడండి. ‘బార్న్ ఇన్ గుణుపురం, మై మదర్ టంగ్ ఈజ్ తెలుగు.’ పుట్టింది నేను, కానీ సబ్జెక్టు నా మాతృభాష. ‘మై’లో నేను ఉన్నాను కదా అని మనకి అనిపిస్తుంది, ఇంగ్లీషు వ్యాకరణం ఆ ‘మై’ని లెక్కలోకి తీసుకోదు. ‘బార్న్ ఇన్ గుణుపురం, ఐ స్పీక్ తెలుగు ఎట్ హోమ్’ అని రాయాలి.

మన గిడుగు రామ్మూర్తి గారి మీద వ్యాసం రాయమంటే ‘టీచింగ్ ఎట్ పర్లాకిమిడి, ద సవర లాంగ్వేజ్ అట్రాక్టెడ్ గిడుగు’ అని మొదలుపెట్టారనుకోండి, పాఠాలు చెప్పింది సవర భాష అవుతుంది. ‘టీచింగ్ ఎట్ పర్లాకిమిడి, గిడుగు లర్న్‌ట్ ద సవర లాంగ్వేజ్’ అంటే పాఠాలు చెప్పిందీ, భాష నేర్చుకున్నదీ ఆయనే. భావం ఒకటే, మనిషి ముందుకొచ్చాడు, అంతే తేడా.

సాయం అడిగే ఉత్తరాల్లో ఈ తప్పు మరీ నష్టం చేస్తుంది. ‘బీయింగ్ ఎ పూర్ స్టూడెంట్, ప్లీజ్ గ్రాంట్ మీ ఎ స్కాలర్‌షిప్.’ కామా తర్వాత సబ్జెక్టు కనిపించదు, కానీ ‘ప్లీజ్ గ్రాంట్’ అన్నాక అక్కడ దాగి ఉన్న సబ్జెక్టు ‘యు’, అంటే ఉత్తరం అందుకున్న అధికారి. పేద విద్యార్థి ఆయనే అయిపోయాడు. ‘యాజ్ ఐ కమ్ ఫ్రమ్ ఎ లో-ఇన్‌కమ్ ఫ్యామిలీ, ఐ రిక్వెస్ట్ యు టు గ్రాంట్ మీ ఎ స్కాలర్‌షిప్’ అని రాయండి. ‘బీయింగ్’తో మొదలయ్యే వాక్యాల్ని వీలైనంత వరకు ‘యాజ్’తో మార్చేయమని నా సలహా. ‘బీయింగ్ ఎ హాలిడే, ద ఆఫీస్ వాజ్ క్లోజ్డ్’ అన్నా అదే గొడవ, సెలవు అయింది ఆఫీసు. ‘ఇట్ బీయింగ్ ఎ హాలిడే’ అంటే వ్యాకరణం కుదురుతుంది గానీ పాతకాలపు వాసన వేస్తుంది. ‘యాజ్ ఇట్ వాజ్ ఎ హాలిడే’ హాయిగా ఉంటుంది.

మూడో మెట్టు: పాసివ్ వాక్యం కనబడితే ఆగడం

ఆఫీసు ఇంగ్లీషులో పాసివ్ ఎక్కువ. ‘వాజ్ ఇష్యూడ్, వాజ్ ఫార్వర్డెడ్, హాజ్ బీన్ రిసీవ్డ్’. పాసివ్‌లో పని చేసినవాడు మాయమవుతాడు, పార్టిసిపుల్‌కి కావలసిందేమో వాడే. అందుకే ఈ రెండూ ఒక వాక్యంలో కలిశాయంటే సగం సందర్భాల్లో తప్పు వస్తుంది.

‘హావింగ్ వెరిఫైడ్ ద డాక్యుమెంట్స్, ద సర్టిఫికెట్ వాజ్ ఇష్యూడ్.’ కాయితాలు పరిశీలించింది సర్టిఫికెట్ కాదు, తహసీల్దారు. ‘హావింగ్ వెరిఫైడ్ ద డాక్యుమెంట్స్, ద తహసీల్దార్ ఇష్యూడ్ ద సర్టిఫికెట్’ అనాలి. తహసీల్దారు పేరెత్తడం ఇష్టం లేదంటే రెండు సగాలూ పాసివ్ చేసి ‘ఆఫ్టర్ ద డాక్యుమెంట్స్ వర్ వెరిఫైడ్, ద సర్టిఫికెట్ వాజ్ ఇష్యూడ్’ అనండి. ‘హావింగ్’ తీసేసి ‘ఆఫ్టర్ వెరిఫయింగ్’ పెడితే తప్పు పోతుందని కొందరు అనుకుంటారు. పోదు, పరిశీలించినవాడు ఇంకా వాక్యంలోకి రాలేదు.

సైన్సు రికార్డుల్లో ‘యూజింగ్ ఎ థర్మామీటర్, ద టెంపరేచర్ వాజ్ మెజర్డ్’ లాంటివి బోలెడు కనిపిస్తాయి. చాలామంది ఒప్పుకుంటారు, కొందరు ఎడిటర్లు ఒప్పుకోరు. ‘ద టెంపరేచర్ వాజ్ మెజర్డ్ విత్ ఎ థర్మామీటర్’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, వాక్యం చిన్నదీ అవుతుంది.

పాసివ్ అంటే భయపడాల్సిన పని కూడా లేదు. సబ్జెక్టు నిజంగానే ఆ పని పడినదైతే వి-త్రీతో మొదలుపెట్టడం చాలా అందంగా ఉంటుంది. ‘వార్న్‌డ్ ఇన్ అడ్వాన్స్, లార్జ్ నంబర్స్ ఆఫ్ పీపుల్ ఆన్ ద గంజాం కోస్ట్ మూవ్డ్ టు షెల్టర్స్ బిఫోర్ సైక్లోన్ ఫైలిన్ స్ట్రక్ ఆన్ 12 అక్టోబర్ 2013.’ హెచ్చరిక అందుకున్నది జనం, కదిలిందీ జనం.

నాలుగో మెట్టు: ‘రాసిన’ అన్నచోటల్లా ‘రిటెన్’ పెట్టకపోవడం

తెలుగులో ‘రాసిన’ అనే ఒక్క రూపం ఎన్ని పనులు చేస్తుందో చూడండి. రాసిన అబ్బాయి, రాసిన ఉత్తరం, రాసిన పెన్ను, రాసిన రోజు, రాసిన చోటు. అబ్బాయి రాశాడు, ఉత్తరం రాయబడింది, పెన్నుతో రాశారు, ఆ రోజున రాశారు. నామవాచకం ఏదైనా ముందు ‘రాసిన’ పెట్టేస్తే సరి. ఇంగ్లీషు పార్టిసిపుల్ ఇంత బరువు మోయదు. వీటిలో ఉత్తరానికి మాత్రమే వి-త్రీ పనికొస్తుంది: ‘ద లెటర్ రిటెన్ బై ద బాయ్’. అబ్బాయికి ‘హూ’ కావాలి: ‘ద బాయ్ హూ రోట్ ద లెటర్’. పెన్నుకి ‘ద పెన్ విత్ విచ్ ద లెటర్ వాజ్ రిటెన్’, రోజుకి ‘ద డే ఆన్ విచ్ ద లెటర్ వాజ్ రిటెన్’.

నామవాచకం పక్కన పార్టిసిపుల్ పెట్టాలంటే రెండే ప్రశ్నలు. ఆ మనిషో వస్తువో పని చేస్తూ ఉందా, లేక ఆ పని దానికి అలవాటా? అయితే ‘ఇంగ్’: ‘పర్సన్స్ వెయిటింగ్ అవుట్‌సైడ్’, ‘స్టూడెంట్స్ లివింగ్ ఇన్ హాస్టల్స్’. ఆ పని దాని మీద పడిందా? అయితే వి-త్రీ: ‘డాక్యుమెంట్స్ సబ్‌మిటెడ్ విత్ ద అప్లికేషన్’. పని చేసేసిన మనిషి, అది అయిపోయిన పని, అంటే ‘నిన్న వచ్చినవాళ్లు’ లాంటిది వస్తే పార్టిసిపుల్ రెండూ కుదరవు. ‘ద పర్సన్స్ కమింగ్ యెస్టర్‌డే’ తప్పు. ‘ద పర్సన్స్ హూ కేమ్ యెస్టర్‌డే’ ఒక్కటే దారి. కొన్ని మాటలు మాత్రం పని చేసిన మనిషికే వి-త్రీగా స్థిరపడిపోయాయి: ‘ఎ రిటైర్డ్ టీచర్’, ‘ఫాలెన్ ట్రీస్’, ‘ఎన్ ఎస్కేప్డ్ ప్రిజనర్’. వీటిని చూసి ‘ద కమ్ ట్రెయిన్’, ‘ద గాన్ మ్యాన్’ అని కొత్తవి తయారుచేయకండి.

ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. తెలుగులో విశేషణం ఎంత పొడుగున్నా నామవాచకానికి ముందే వస్తుంది, ‘పోయిన నెల బ్లాకు ఆఫీసులో ఇచ్చిన ఫారం’. ఇంగ్లీషులో ఒంటరి పార్టిసిపుల్ అయితే ముందు, తోక ఉంటే వెనక. ‘ఎ సైన్డ్ ఫామ్’, కానీ ‘ఎ ఫామ్ సైన్డ్ బై ద బీడీవో’. ‘ద గివెన్ బిలో డాక్యుమెంట్స్’ అని చాలా నోటీసుల్లో కనిపిస్తుంది, ‘ద డాక్యుమెంట్స్ గివెన్ బిలో’ అనాలి.

‘కన్సర్న్‌డ్’ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నామవాచకం తర్వాత వస్తే సంబంధిత అని అర్థం, ముందు వస్తే ఆందోళన పడుతున్న అని అర్థం. ‘ద ఆఫీసర్ కన్సర్న్‌డ్’ అంటే సంబంధిత అధికారి. ‘ద కన్సర్న్‌డ్ ఆఫీసర్’ మన దేశంలో ఆఫీసుల్లో అందరూ రాస్తారు, అందరికీ అర్థమవుతుంది కూడా. అయినా మీ కాయితం బయటి యూనివర్సిటీకో విదేశీ సంస్థకో వెళ్తుంటే మాత్రం తర్వాతే పెట్టండి.

ఇంకొకటి. ‘ఐ యామ్ బిలాంగింగ్ టు రాయగడ డిస్ట్రిక్ట్’ తప్పు, ‘ఐ బిలాంగ్ టు’ అనాలి, ఈ మాట అందరూ చెబుతారు. దాంతో ‘బిలాంగింగ్’ అనే మాటే తప్పనుకుని భయపడిపోయేవాళ్లున్నారు. మెయిన్ వెర్బ్‌గా వాడితేనే తప్పు. నామవాచకం పక్కన పార్టిసిపుల్‌గా శుభ్రంగా వాడొచ్చు: ‘స్టూడెంట్స్ బిలాంగింగ్ టు రాయగడ డిస్ట్రిక్ట్ మే అప్లై’. ‘నోయింగ్’ కూడా అంతే. ‘ఐ యామ్ నోయింగ్ ఒడియా’ తప్పు, ‘నోయింగ్ బోత్ తెలుగు అండ్ ఒడియా, షీ కుడ్ హెల్ప్ ఎవ్రీ పేషెంట్’ ఒప్పు.

అయిదో మెట్టు: ముందు జరిగిందా, అప్పుడే జరిగిందా

రెండు పనులూ ఒకేసారి జరిగితేనో, ఒకదాని వెంటనే ఒకటి జరిగితేనో ‘ఇంగ్’. మొదటిది పూర్తిగా అయిపోయాక రెండోది జరిగితే ‘హావింగ్’ పక్కన వి-త్రీ. తెలుగులో ‘చేస్తూ’, ‘చేసి’ మధ్య తేడాకి ఇది దగ్గరగానే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టమేం కాదు. ‘కంప్లీటింగ్ మై డిగ్రీ ఇన్ 2021, ఐ జాయిన్డ్ ఎ బ్యాంక్ ఇన్ 2023’ అంటే కాలాలు అతకవు. ‘హావింగ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2021, ఐ జాయిన్డ్ ఎ బ్యాంక్ ఇన్ 2023.’

2018 తుపాను గురించి రాయాలంటే ‘హావింగ్ క్రాస్డ్ ద కోస్ట్ నియర్ పలాస ఆన్ 11 అక్టోబర్ 2018, సైక్లోన్ తిత్లీ బ్రాట్ హెవీ రెయిన్ టు గజపతి డిస్ట్రిక్ట్, కాజింగ్ ల్యాండ్‌స్లైడ్స్.’ ఈ ఒక్క వాక్యంలో రెండు పార్టిసిపుల్స్ రెండు వేర్వేరు పనులు చేశాయి. ‘హావింగ్ క్రాస్డ్’ ముందు జరిగినది చెప్పింది, చివర కామా తర్వాత వచ్చిన ‘కాజింగ్’ ఫలితం చెప్పింది. ఫలితం చెప్పే ఈ ‘ఇంగ్’ రిపోర్టులు రాసేవాళ్లకి చాలా ఉపయోగం. ‘ద బ్రిడ్జ్ కొలాప్స్‌డ్, కటింగ్ ఆఫ్ సెవరల్ విలేజెస్.’ ఆ కామా మాత్రం వదలకండి.

కాదు అని చెప్పాలంటే ‘నాట్’ ముందుకు రావాలి. ‘హావింగ్ నాట్ రిసీవ్డ్’ కన్నా ‘నాట్ హావింగ్ రిసీవ్డ్ ఎనీ రిప్లై, ఐ యామ్ రైటింగ్ అగైన్’ మంచి రూపం.

ఆరో మెట్టు: ‘ఇంగ్’ మనిషికా, ‘ఎడ్’ మనిషికా

‘ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ పోస్ట్’ అని రాస్తే ఉద్యోగం మీద ఆసక్తి ఉందని చెప్పినట్టు కాదు, నేను భలే ఆసక్తికరమైన మనిషిని అని చెప్పుకున్నట్టు. కలిగించే దానికి ‘ఇంగ్’, కలిగినవాళ్లకి ‘ఎడ్’. ఆసక్తి కలిగించే ఉద్యోగం ‘ఇంట్రెస్టింగ్ జాబ్’, ఆసక్తి కలిగిన అభ్యర్థి ‘ఇంట్రెస్టెడ్ కాండిడేట్’. కన్‌ఫ్యూజింగ్, కన్‌ఫ్యూజ్డ్. డిసపాయింటింగ్, డిసపాయింటెడ్. టైరింగ్, టైర్డ్. అన్నిటికీ ఇదే సూత్రం.

ఏడో మెట్టు: కామా ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకొకటి

‘స్టూడెంట్స్ లివింగ్ ఇన్ హాస్టల్స్ మస్ట్ సబ్‌మిట్ దిస్ ఫామ్.’ కామాలు లేవు. హాస్టల్లో ఉన్నవాళ్లు మాత్రమే ఫారం ఇవ్వాలి, ఇంటి నుంచి వచ్చేవాళ్లు ఇవ్వక్కర్లేదు. ‘ద స్టూడెంట్స్, లివింగ్ ఇన్ హాస్టల్స్, మస్ట్ సబ్‌మిట్ దిస్ ఫామ్.’ ఇప్పుడు రెండు పక్కలా కామాలున్నాయి, అంటే మనం మాట్లాడుతున్న విద్యార్థులందరూ హాస్టల్లోనే ఉంటారు, అందరూ ఇవ్వాలి. నోటీసు రాసేవాళ్లు ఈ రెండు కామాల దగ్గర ఒక్క నిమిషం ఆగితే, రేపు గేటు దగ్గర జరిగే వాదనలు తప్పుతాయి. రెండు కామాల్లో ఒకటి పెట్టి ఒకటి మర్చిపోవడం అన్నిటికంటే చెడ్డ పని, పెడితే రెండూ పెట్టాలి.

వాక్యం మొదట్లో పార్టిసిపుల్ గుంపు వస్తే అది పూర్తయ్యాక కామా తప్పనిసరి.

ఎనిమిదో మెట్టు: గొలుసు తెంపడం

‘పొద్దున్నే లేచి, బస్సెక్కి, ఆఫీసుకెళ్లి, క్లర్కుని కలిసి, ఫారం ఇచ్చి వచ్చాను.’ తెలుగులో ఇది చాలా చక్కటి వాక్యం, చివర ఒక్క క్రియ అన్నిటినీ లాక్కొస్తుంది. దీన్ని ‘గెటింగ్ అప్, క్యాచింగ్ ద బస్, గోయింగ్ టు ద ఆఫీస్, మీటింగ్ ద క్లర్క్, గివింగ్ ద ఫామ్, ఐ కేమ్’ అని రాస్తే చదివేవాడికి ఊపిరాడదు. ఇంగ్లీషులో వరసగా జరిగిన పనులకి మామూలు క్రియలే వాడి చివర ‘అండ్’ పెట్టాలి: ‘ఐ వెంట్ టు ద ఆఫీస్, మెట్ ద క్లర్క్ అండ్ సబ్‌మిటెడ్ ద ఫామ్.’ ఒక వాక్యంలో ఒక పార్టిసిపుల్ గుంపు చాలు, రెండంటే అలవాటున్నవాళ్లకి. మూడు దాటితే ఫుల్‌స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలెట్టండి.

దీనికి అటువైపు ఇంకో తప్పుంది, మెయిన్ వెర్బ్ అసలు లేకపోవడం. ‘ద అప్లికెంట్ హావింగ్ పాస్డ్ ద ఎగ్జామినేషన్ ఇన్ ఫస్ట్ డివిజన్.’ చివర ఫుల్‌స్టాప్ ఉంది గానీ వాక్యం లేదు. ‘ద అప్లికెంట్ పాస్డ్’ లేదా ‘హాజ్ పాస్డ్’ అనాలి.

తొమ్మిదో మెట్టు: ఎవరికీ తగలకపోయినా పర్వాలేనివి

కొన్ని పార్టిసిపుల్స్ వాడగా వాడగా వేరే పనిలోకి వెళ్లిపోయాయి, వాటికి సబ్జెక్టుతో పొత్తు అక్కర్లేదు. రిగార్డింగ్, కన్సర్నింగ్, కన్సిడరింగ్, ఇన్‌క్లూడింగ్, ఫాలోయింగ్, అకార్డింగ్ టు, ఓయింగ్ టు, డిపెండింగ్ ఆన్, జడ్జింగ్ బై, గివెన్, ప్రొవైడెడ్. ‘కన్సిడరింగ్ హిజ్ ఏజ్, ద పనిష్‌మెంట్ వాజ్ లైట్’ వాక్యంలో పరిగణించింది శిక్షా అని అడగనక్కర్లేదు. ‘వెదర్ పర్మిటింగ్, ద మ్యాచ్ విల్ బిగిన్ ఎట్ టెన్’ కూడా సరైనదే, అందులో పార్టిసిపుల్ తన కర్తని తనే తెచ్చుకుంది. ‘బేస్డ్ ఆన్’ దగ్గర మాత్రం గట్టివాళ్లు ఇంకా ఒప్పుకోరు, ‘ఆన్ ద బేసిస్ ఆఫ్ ద రిపోర్ట్, ద కమిటీ డిసైడెడ్’ అని రాయడం మేలు.

పదో మెట్టు: ఒక దరఖాస్తు పూర్తిగా దిద్దడం

ఇప్పుడు పైవన్నీ ఒకచోట పెట్టి చూద్దాం. కాశీనగర్ అబ్బాయి ఒకడు గుమాస్తా ఉద్యోగానికి రాస్తున్నాడనుకోండి. మనవైపు మామూలుగా ఇలా ఉంటుంది:

‘బీయింగ్ బార్న్ అండ్ బ్రాట్ అప్ ఇన్ కాశీనగర్, మై మదర్ టంగ్ ఈజ్ తెలుగు. కంప్లీటింగ్ మై డిగ్రీ ఎట్ బరంపురం, ఎ కంప్యూటర్ కోర్స్ వాజ్ డన్ బై మీ. ఐ యామ్ హావింగ్ వన్ ఇయర్ ఎక్స్‌పీరియన్స్. సీయింగ్ యువర్ అడ్వర్టైజ్‌మెంట్, దిస్ అప్లికేషన్ ఈజ్ సెంట్. ఎన్‌క్లోజింగ్ మై సర్టిఫికెట్స్, కైండ్లీ కన్సిడర్. హోపింగ్ ఫర్ ఎ ఫేవరబుల్ రిప్లై. థాంకింగ్ యు.’

మొదటి వాక్యంలో గీత ‘బార్న్’ కింద, సున్నా ‘మదర్ టంగ్’ చుట్టూ, కుదరలేదు. ‘బీయింగ్’ అవసరమే లేదు. ‘బార్న్ అండ్ బ్రాట్ అప్ ఇన్ కాశీనగర్, ఐ స్పీక్ తెలుగు, ఒడియా అండ్ హిందీ.’ ఒక్క దెబ్బకి మూడు భాషలు వచ్చని కూడా చెప్పేశాడు, సరిహద్దులో ఉద్యోగానికి ఇది పెద్ద అర్హత, దాచుకోకూడదు.

రెండోదాంట్లో పాసివ్ అడ్డొచ్చింది, కాలమూ తప్పింది. ‘హావింగ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఎట్ బరంపురం, ఐ టుక్ ఎ కోర్స్ ఇన్ కంప్యూటర్ అప్లికేషన్స్.’ మూడోది పార్టిసిపుల్ తప్పు కాదు గానీ ‘ఇంగ్’ తప్పే, ‘ఐ హావ్ వన్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్ ఆఫ్ ఆఫీస్ వర్క్.’ నాలుగోదాంట్లో ప్రకటన చూసింది దరఖాస్తు అయిపోయింది. ఇక్కడ పార్టిసిపుల్ మొత్తం తీసేయండి: ‘ఐ యామ్ రైటింగ్ ఇన్ రెస్పాన్స్ టు యువర్ అడ్వర్టైజ్‌మెంట్.’ నిజానికి ఇది ఉత్తరంలో మొదటి వాక్యంగా ఉండాలి, ఎందుకు రాస్తున్నాడో ఆఫీసువాళ్లకి ముందు తెలియాలి కదా, కాబట్టి పైకి జరపండి.

‘ఎన్‌క్లోజింగ్ మై సర్టిఫికెట్స్, కైండ్లీ కన్సిడర్’లో సర్టిఫికెట్లు జతచేసింది అధికారి అవుతాడు. ‘కాపీస్ ఆఫ్ మై సర్టిఫికెట్స్ ఆర్ ఎన్‌క్లోజ్డ్’ అంటే సరిపోతుంది, ఇక్కడ పాసివ్ ఎంత నిక్కచ్చిగా ఉందో చూడండి.

చివరి రెండూ మెయిన్ వెర్బ్ లేని ముక్కలు. పాత ఉత్తరాల్లో ‘థాంకింగ్ యు, ఐ రిమెయిన్, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’ అని ఉండేది, ‘ఐ’ ఉంది కాబట్టి పార్టిసిపుల్‌కి మనిషి దొరికేవాడు. ‘ఐ రిమెయిన్’ వాడుకలోంచి పోయింది, ‘థాంకింగ్ యు’ ఒక్కటే ఒంటరిగా మిగిలింది. మన ఆఫీసుల్లో దీన్ని ఎవరూ తప్పుపట్టరు, అలవాటుంటే ఉంచుకోండి. బయటికి పంపే ఉత్తరమైతే ‘థాంక్ యు ఫర్ యువర్ టైమ్. ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ అని రెండు పూర్తి వాక్యాలు రాసి, కింద ‘యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ’, దాని కింద సంతకం.